డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా: 1942 ఏప్రిల్‌లో బంగాళాఖాతంలో మునిగిన నార్వే ఓడలు – పోర్ట్ బ్లెయిర్ వైపు నుంచి ఒక పరిశీలన

1942 ఏప్రిల్ 6 అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి విశాఖపట్నం, కాకినాడల మీద పడిన జపాను బాంబులు. ఊళ్లు ఖాళీ చేసి బళ్లు కట్టుకుని లోపలి పల్లెలకు పోయిన ముచ్చట్లు ఉత్తరాంధ్ర ఇళ్లలో తరాలు దాటి వచ్చాయి. విశాఖ మ్యూజియంలో పేలకుండా మిగిలిన బాంబు ఒకటి నేటికీ చూడవచ్చు. అయితే ఆ రోజు అసలు దెబ్బ తగిలింది నేలకు కాదు, ఒడ్డున నిలబడినవారికి కనబడనంత దూరాన పోతున్న సరుకు ఓడలకు. వాటిలో మూడు నార్వేవి: డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్, ఎల్సా. ఈ మూడింటి గతిని విశాఖ ఒడ్డు నుంచి కంటే పోర్ట్ బ్లెయిర్ నుంచి చూస్తేనే సరిగా అర్థమవుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పోర్ట్ బ్లెయిర్‌లోని గోల్ ఘర్‌ను ఇక్కడ చూపుకోణంగా తీసుకోవడానికి కారణం ఉంది. గోల్ ఘర్, దాని పక్కనే చేపల రేవున్న జంగ్లీఘాట్ తెలుగు బాగా వినబడే పేటలు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు దీవుల్లో చాలా ఉన్నాయి. వీరికి బంగాళాఖాతం అంటే పుట్టింటికీ మెట్టినింటికీ నడుమనున్న సుమారు 1,200 కిలోమీటర్ల దారి. ఆ దారిని 1942 వసంతంలో రెండు వారాల వ్యవధిలో ఒకే సైన్యం రెండు కొసలా తెంపింది. ఈ కొసన ఆక్రమణ, ఆ కొసన బాంబు. నడుమ మునిగిన ఓడల ఊసు మాత్రం మన రాతల్లో అరుదు.

ఎక్కడో ఉత్తర ఐరోపా కొసనున్న నార్వేకు ఈ సముద్రంతో ఏం పని? 1939 నాటికి వాణిజ్య నౌకాదళంలో ఆ చిన్న దేశానిది ప్రపంచంలో నాలుగో స్థానం. ఓడలు చాలావరకు కొత్తవి, బొగ్గుతో కాక డీజిల్ ఇంజన్లతో నడిచేవి. తటస్థ దేశం కనుక యుద్ధం తొలి నెలల్లో ఓడ పక్కలకు జెండా వేసి, దేశం పేరు దూరానికి కనబడేంత పెద్ద అక్షరాల్లో రాసేవారు. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద పడింది. ఆ నెలలోనే నార్వే ప్రభుత్వం విదేశీ జలాల్లో ఉన్న తన ఓడలన్నిటినీ స్వాధీనం చేసుకుంది. వాటిని నడపడానికి నోర్‌ట్రాషిప్ అనే సంస్థ పుట్టింది. కార్యాలయాలు లండన్‌లో, న్యూయార్క్‌లో. సుమారు వెయ్యి ఓడలు, పాతికవేలకు మించిన నావికులు. స్వదేశానికో తటస్థ రేవులకో మళ్లమని శత్రువు గుప్పిట్లోని రేడియో ఆజ్ఞాపించినా కెప్టెన్లు పెడచెవిన పెట్టారు. రాజు హాకోన్ ప్రవాసంలో ఉన్నాడు, ఇళ్లు శత్రువు చేతిలో ఉన్నాయి, ఓడ మాత్రం తమ చేతిలో ఉంది. పక్కల మీది రంగుల జెండా పోయి బూడిదరంగు వచ్చింది. బ్రిటన్‌కు చేరే చమురులో పెద్ద వాటా నార్వే ట్యాంకర్లే మోశాయి. యుద్ధం ముగిసేసరికి ఆ ఓడల్లో సగానికి దగ్గరగా పోయాయి. 3 వేలకు పైగా నావికులు తిరిగి రాలేదు.

నికోబార్‌కు దక్షిణ, పశ్చిమ జలాల్లో నార్వే ఓడలకు తొలి దెబ్బ 1940 నవంబరులోనే తగిలింది. సరుకు ఓడ వేషంలో తిరిగే జర్మన్ యుద్ధనౌక అట్లాంటిస్, కెప్టెన్ రోగే నాయకత్వంలో, 9వ తేదీన టెడ్డీ అనే నార్వే ట్యాంకరును, మర్నాడు ఓలె యాకోబ్ అనే మరో ట్యాంకరును పట్టుకుంది. 11న సుమత్రా అచే కొసకు నైరుతిగా ఆటోమెడాన్ అనే బ్రిటిష్ ఓడ చిక్కింది. అందులో దొరికిన రహస్య పత్రాల్లో, తూర్పున జపానును నిలువరించే బలం తమకు లేదని బ్రిటిష్ సేనాధిపతులు తేల్చిన అంచనా ఉంది. ఆ పత్రాలు జపాను చేరింది ఎలా? చెరపట్టిన నార్వే ఓడ ఓలె యాకోబ్ మీదనే. డిసెంబరు 4న అది కోబే చేరింది. టోక్యో నిర్ణయాలను ఆ పత్రాలు ఎంతవరకు మలిచాయన్నది చరిత్రకారుల మధ్య నలుగుతున్న తగవు. అవే సింగపూర్‌ను పడగొట్టాయనడం అతిశయోక్తి అనే నా అభిప్రాయం. బ్రిటిష్ బలహీనతను జపాను నౌకాదళం కళ్లారా చదివిందన్నది మాత్రం నిజం.

జపాను యుద్ధంలోకి దిగాక, 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్ దాని చేతికి చిక్కాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి గూర్ఖా దళాన్ని బ్రిటిష్‌వారు ముందే తరలించుకుపోయారు. మార్చి 23న జపాను సేన ఎదురు లేకుండా దిగింది. ఇక్కడి పెద్దల జ్ఞాపకాల్లో ఆ తేదీ వెనుక వచ్చేవి హింస, ఆకలి, గూఢచారి ముద్రలు. నౌకాయుద్ధం దృష్టితో చూస్తే దాని అర్థం వేరు. పోర్ట్ బ్లెయిర్ రేవు పెద్ద సముద్ర విమానాలు దిగడానికి అనువైన నీటి మైదానం. అవి రాగానే బంగాళాఖాతం తూర్పు సగం జపాను కంటి కిందకు వచ్చింది. ఏప్రిల్ నడుమ బర్మా తీరంలోని ఆక్యాబ్ నుంచి బ్రిటిష్ హడ్సన్ విమానాలు ఇంత దూరం వచ్చి దాడి చేసింది కూడా ఆ సముద్ర విమానాల మీదే.

ఏప్రిల్ 1న జపాను అడ్మిరల్ ఒజావా బర్మా దక్షిణ తీరంలోని మెర్గుయి నుంచి బయలుదేరాడు. వెంట ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక, చోకాయ్ మొదలైన భారీ క్రూయిజర్లు. సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తా రేవులో గుమిగూడిన ఓడలను చెదరగొట్టాలని బ్రిటిష్ అధికారులు నిర్ణయించారు. రేవులో ఉంటే బాంబులకు బలి అవుతాయని భయం. తోడు యుద్ధనౌకలు లేవు. ఒంటరిగానో చిన్న గుంపులుగానో తీరం పట్టుకుని దక్షిణానికి పొమ్మన్నారు. శత్రువు అండమాన్‌లో కూర్చున్నాక తీరం వెంబడి దారి సురక్షితమన్న లెక్క ఎంత పెళుసైనదో వాళ్లకు తెలియకపోలేదు, వేరే దారి లేదంతే.

5వ తేదీ రాత్రి ఒజావా తన దళాన్ని మూడు పాయలుగా చీల్చి ఒడిశా, ఆంధ్ర తీరాల ఎదుట పరిచాడు. దక్షిణపు పాయలో మికుమా, మొగామి క్రూయిజర్లు, అమగిరి డిస్ట్రాయరు. 20 సెంటీమీటర్ల ఫిరంగుల ముందు సరుకు ఓడ చేయగలిగింది ఏమీ లేదు. డార్డానస్ అనే బ్రిటిష్ ఓడ సంగతి చూస్తే చాలు. విమానదాడిలో ఇంజన్ దెబ్బతిని నిలిచిపోతే, గండారా అనే మరో ఓడ మోకు కట్టి మద్రాసు వైపు లాక్కుపోతూ ఉంది. మర్నాడు ఉదయం ఈ పాయ వాటిని అందుకుంది. రెండూ మునిగాయి. సుమారు 4,400 టన్నుల డాగ్‌ఫ్రెడ్ కూడా ఈ పాయకే చిక్కింది. హెర్మోడ్ సుమారు 1,500 టన్నుల చిన్న ఓడ; అదీ, ఎల్సా కూడా అదే రోజు పోయాయి. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దళం ముంచినవి 23 ఓడలు, 1,12,000 టన్నులకు పైగా. అందులో చాలా భాగం ఏప్రిల్ 6 ఒక్క రోజుదే. దీని పక్కన పెడితే, అదే రోజు ర్యూజో విమానాలు విశాఖ, కాకినాడల మీద వేసిన బాంబులు సైనికంగా పక్కవాటు పని. మన జ్ఞాపకంలో మాత్రం లెక్క తలకిందులైంది. నేల మీద జరిగినదానికి సాక్షులుంటారు కదా.

నీటి మీద జరిగినదానికీ సాక్షులు ఉన్నారు, వారి మాటను ఎవరు రాసుకున్నారన్నదే తేడా. ఓడ మునిగితే బతికి బయటపడ్డ కెప్టెనూ నావికులూ దగ్గరి రేవులో ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వడం నార్వే నౌకా చట్టం పద్ధతి. యుద్ధంలోనూ ఆ పద్ధతిని వదల్లేదు. ఆ వాంగ్మూలాలను యుద్ధానంతరం సంపుటాలుగా అచ్చువేశారు. అందుకే అంత దూరపు దేశపు చిన్న ఓడ హెర్మోడ్‌కు సైతం ఒక చరిత్ర ఉంది. అదే రోజు మునిగిన మల్డా, ఇందోరా, గండారా బ్రిటిష్ ఇండియా కంపెనీవి. వాటి పొయ్యిగదుల్లో, డెక్కు మీద పనిచేసింది ఎక్కువగా మన ఉపఖండపు సరంగులు, ఖలాసీలే. ఒకే సముద్రంలో, ఒకే ప్రమాదానికి, తెల్ల నావికుడి జీతంలో చిన్న వంతు పుచ్చుకున్నవారు వారు. 1939లో యుద్ధం మొదలవగానే కూలి పెంచమని సమ్మె చేసి జైళ్లకు వెళ్లినవారు కూడా వారిలో ఉన్నారు.

నార్వే నావికులకూ జీతం విషయంలో అన్యాయం జరగకపోలేదు. బ్రిటిష్ నావికుల స్థాయికి తగ్గించిన యుద్ధభత్యం తేడా సొమ్ము రహస్య నిధిగా చేరింది. యుద్ధం తర్వాత దాన్ని పంచమని వారు కోర్టుల దాకా వెళ్లి ఓడారు. చివరికి 1972లో నార్వే పార్లమెంటు దయాదత్తంగా కొంత చెల్లించింది. ముప్పై ఏళ్లు పట్టినా తగవు నడిచింది, ఎందుకంటే ఎవరు ఏ ఓడలో ఎన్నాళ్లు పనిచేశారో కాగితం మీద ఉంది. మన ఖలాసీల విషయంలో మిగిలినది బొంబాయి, చిట్టగాంగ్‌లలో ఉంచిన స్మారక పట్టిక. ఆరు వేలకు పైగా పేర్లు. బంగాళాఖాతంలో ఆ ఉదయం గురించి వారు చెప్పిన మాట ఆ పట్టికలో లేదు. విశాఖ బాంబు మీద మనవాళ్లు రాసిన ప్రతి పుటకూ ఎదురుగా ఒక నార్వే వాంగ్మూలాన్ని పెట్టి చదివితే, ఆ ఖలాసీల జాడ పక్క ఓడవాళ్ల మాటల్లోనైనా దొరికే వీలుంది. తెలుగులో ఆ పని ఇంకా మొదలుకావలసే ఉంది.