పొగగొట్టం, గృహయజమాని, చట్టం: ఇంగ్లండ్‌లో మసి దులిపే వృత్తిపై ఒక పునఃపరిశీలన

ఇంగ్లండ్‌లో ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసే వృత్తి చరిత్రను చెప్పే రచనలు ఎక్కువగా రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటాయి. మొదటిది దయాగుణం గెలిచిన కథ: కవులు, నవలాకారులు, ధర్మాత్ములైన ప్రభువులు కలిసి పసిపిల్లల చేత గొట్టాలు ఎక్కించే దురాచారాన్ని మాన్పించారన్నది దాని సారాంశం. రెండవది యంత్రం గెలిచిన కథ: పొడవాటి కడ్డీల బ్రష్ రాగానే పిల్లవాడి అవసరం తీరిపోయిందని అది చెబుతుంది. ఈ రెండు వివరణలకూ తేదీలే అడ్డు తగులుతాయి. పనికివచ్చే బ్రష్ 1803లో వచ్చింది, నిషేధ చట్టం 1840లో వచ్చింది, పిల్లలు మాత్రం 1875 దాకా గొట్టాలు ఎక్కుతూనే ఉన్నారు. ఈ డెబ్బై రెండేళ్ళ ఆలస్యానికి కారణం వెతికినవారి చూపు పిల్లలను ఎక్కించిన మసి మేస్త్రి క్రూరత్వం మీద పడినంతగా, అతణ్ణి పిలిపించి కూలి ఇచ్చిన గృహయజమాని మీద పడలేదు.

తొలి దశలను గురించి పెద్దగా వివాదం లేదు. మధ్యయుగపు ఆంగ్ల గృహంలో మంట హాలు నడుమ నేలమీదే మండేది, పొగ ఇంటికప్పులో వదిలిన సందుల్లోంచి పోయేది. 12వ శతాబ్దపు కోటల్లో గోడలోనే కట్టిన పొగగొట్టాలు కనిపిస్తాయి కాని, మధ్యతరగతి ఇళ్ళకు అవి విరివిగా చేరింది 16వ శతాబ్దంలోనే. ఊళ్ళలో కొత్తగా లేచిన పొగగొట్టాలు ఎన్ని పెరిగాయో విలియం హారిసన్ అనే రచయిత 1577లో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. 1662 నుంచి 1689 వరకు ప్రభుత్వం ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వసూలు చేసిందంటే, గోడపొయ్యి అప్పటికే ఆస్తికి కొలమానమైందన్నమాట.

అసలు మార్పు తెచ్చింది బొగ్గు. కట్టెల మంటకు కట్టిన పాత గొట్టాల్లో పెద్దమనిషి దూరగలిగేంత చోటుండేది. బొగ్గు మంట సరిగా మండాలంటే పొగదారి ఇరుకుగా ఉండి గాలిని గట్టిగా పైకి లాగాలి. ఫ్లూ అని పిలిచే ఈ లోపలి దారి 18వ శతాబ్దపు పట్టణ గృహాల్లో మామూలుగా 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు మాత్రమే ఉండేది, కొన్నిచోట్ల 9 అంగుళాల చదరానికి కూడా కుదించుకుపోయేది. నాలుగైదు అంతస్తుల ఇంట్లో ప్రతి గదికీ ఒక పొయ్యి, ప్రతి పొయ్యికీ వేరే ఫ్లూ ఉండటం వల్ల అవన్నీ గోడల్లో వంకర్లు తిరిగి పైన ఒకే కట్టడంలో కలిసేవి. బొగ్గు మసి ఆ గోడలకు అట్టకట్టి, దులపకుండా వదిలేస్తే అంటుకుని ఇంటికే నిప్పు పెట్టేది. అందుకే నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వయసులో పిల్లలను అనాథలను పోషించే చర్చి పారిష్‌ల నుంచో, పేద తల్లిదండ్రుల నుంచో అప్రెంటిస్‌లుగా తీసుకుని, మోకాళ్ళు, మోచేతులు, వీపు ఆనించి పైకి పాకించే పద్ధతి స్థిరపడింది. చర్మం మొద్దుబారడానికి సెగ దగ్గర నిలబెట్టి ఉప్పునీళ్ళు రుద్దేవారు. దులిపిన మసిని మేస్త్రి రైతులకు ఎరువుగా అమ్ముకునేవాడు. ఆ మసి గోనెల మీదే పిల్లలు పడుకునేవారు. లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వీరికి వృషణకోశంలో వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని 1775లో తేల్చాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ సంబంధం చూపిన తొలి పరిశీలనగా దానిని వైద్యచరిత్ర గుర్తిస్తుంది.

సంస్కరణ చరిత్రలో తగినంత శ్రద్ధకు నోచుకోని ఘట్టం 1788 నాటిది. జోనాస్ హాన్వే అనే వర్తకుడు ఏళ్ళ తరబడి చేసిన ప్రచారం ఫలితంగా, ఆయన మరణించిన రెండేళ్ళకు వచ్చిన ఆ చట్టం అప్రెంటిస్ వయసును కనీసం ఎనిమిదేళ్ళుగా, ఒక మేస్త్రి దగ్గర పిల్లల సంఖ్యను గరిష్ఠంగా ఆరుగా నిర్ణయించింది. మేస్త్రులకు లైసెన్సు తప్పనిసరి చేయాలన్న నిబంధన బిల్లులో ఉన్నా ప్రభువుల సభ దానిని తీసేసింది. దానితో చట్టాన్ని అమలు చేసేవారే లేకుండా పోయారు. ఎనభై ఏడేళ్ళ తరువాత దురాచారాన్ని నిజంగా ఆపింది ఈ తీసేసిన నిబంధనే కాబట్టి, 1788ని తొలి విజయంగా కీర్తించే అలవాటును కొంత సవరించుకోవలసి ఉంటుంది.

1803లో లండన్‌లో ఎక్కే కుర్రాళ్ళ అవసరం లేకుండా చేయాలని ఒక సంఘం ఏర్పడి యంత్రానికి బహుమతి ప్రకటించగా, జార్జ్ స్మార్ట్ బోలు కడ్డీలను తాడుతో కూర్చి, కొసన బ్రష్ అమర్చిన పరికరాన్ని తయారుచేశాడు. 1828లో బ్రిస్టల్‌కు చెందిన జోసెఫ్ గ్లాస్ దానిని మెరుగుపరిచి, ఇత్తడి మరలతో ఒకదానికొకటి బిగించే బెత్తపు కడ్డీలను ప్రవేశపెట్టాడు. నేటి చేతి బ్రష్ దాదాపు ఆ రూపమే. యంత్రం వంపులు తిరిగిన గొట్టాల్లో పనిచేయదన్న వాదం నిలవదు. 1817 నాటి పార్లమెంటు విచారణ సంఘం ముందుకు వచ్చిన సాక్ష్యాలూ, ఆ తరువాత ప్రభుత్వ కట్టడాల శాఖ జరిపిన ప్రయోగాలూ యంత్రానికి లొంగనివి నూటికి ఒకటి మాత్రమేనని సూచించాయి. ఆ ఒక్కటి కూడా మలుపు దగ్గర చిన్న ఇనుప తలుపు పెడితే సరిపోయేది. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఇళ్ళు ఇంగ్లండ్ ఇళ్ళ కంటే ఎత్తైనవే అయినా, అక్కడి పనివారు ఇంటికప్పు మీద నిలబడి తాడుకు గుండు, బ్రష్ కట్టి కిందికి జారవిడిచేవారు. జర్మన్ పట్టణాల్లో ఈ పని వృత్తిసంఘ క్రమశిక్షణలో పెరిగిన వయోజనుల చేతిలో ఉండేది. మంట భయం అన్నిచోట్లా ఒకటే అయినా పిల్లవాడిని గొట్టంలోకి పంపడం ఇంగ్లండ్‌లోనే ఇంతగా పాతుకుపోయింది కాబట్టి, కారణాన్ని పరికరంలో వెతకడం వల్ల ప్రయోజనం తక్కువ.

ఆ కాలపు ఉత్తమ మేధావులకు కూడా పిల్లవాడు ఇంటి నిర్మాణంలో భాగంగానే కనిపించాడు. పొయ్యి గొంతును సన్నం చేసి, పక్క గోడలను ఏటవాలుగా తిప్పి, తక్కువ ఇంధనంతో ఎక్కువ వేడి వచ్చే గోడపొయ్యిని 1796లో ప్రతిపాదించిన రమ్‌ఫోర్డ్ ప్రభువు, తన సన్నని గొంతులో మసి కుర్రాడు దూరలేడని గ్రహించి, అవసరమైనప్పుడు తీసి పెట్టుకునేలా ఒక పలకను అమర్చమన్నాడు. 1819లో పార్లమెంటు సభ్యుడు హెన్రీ గ్రే బెన్నెట్ తెచ్చిన నిషేధ బిల్లు ప్రభువుల సభలో వీగిపోయిన ఏడాదే, సిడ్నీ స్మిత్ ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో పిల్లల బాధలను కళ్ళకు కట్టినట్టు వర్ణించి, చివరకు ఆస్తికి అగ్నిప్రమాదం రాకుండా దీనిని పూర్తిగా రద్దు చేయడం సాధ్యం కాదన్న నిర్ణయానికే వచ్చాడు. దయ చాలినంత ఉన్నా నిర్ణయం మారలేదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

గృహయజమానుల వెనుకంజకు అర్థం లేదని కూడా చెప్పలేము. తొలి యంత్రాలు మసిని గదిలోకి చిమ్మి తివాచీలు, తెరలు పాడుచేసేవి. కొందరు మేస్త్రులు యంత్రానికి చెడ్డపేరు రావాలని కావాలనే మురికి చేశారన్న సాక్ష్యాలు ఉన్నాయి. ఆ మురికి ఎత్తిపోయవలసిన పనివాళ్ళు పాత పద్ధతినే కోరుకున్నారు. ఇనుప తలుపుల ఖర్చు అద్దెకున్నవారు పెట్టాలా, ఇంటి సొంతదారు పెట్టాలా అన్నది తేలేది కాదు. అయినా ఇవన్నీ చిన్న ఇబ్బందులే. ఒక పూట శుభ్రతకూ కొద్దిపాటి తాపీపనికీ ఎదురుగా పిల్లవాడి ప్రాణం తూగినప్పుడు, ఆంగ్ల గృహస్థుడు ఎటు మొగ్గాడో రికార్డులే చెబుతున్నాయి.

1834 చట్టం పదేళ్ళలోపు పిల్లలను అప్రెంటిస్‌లుగా చేర్చరాదన్నది. 1840 చట్టం ఇరవై ఒక్క ఏళ్ళలోపు ఎవరూ గొట్టం ఎక్కరాదన్నది. 1842 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నిషేధాన్ని లండన్ చాలావరకు పాటించింది. ఇతర పట్టణాల్లో కథ వేరు. 1863లో బాలకార్మిక విచారణ సంఘం సేకరించిన సాక్ష్యాల్లో, యంత్రం వాడితే పెద్ద ఇళ్ళ పని చేజారిపోతోందని వాపోయిన మేస్త్రులు ఉన్నారు. పిల్లవాడినే పంపమని పట్టుబట్టిన గృహిణులూ, నేరం రుజువైనా శిక్షించడానికి వెనుకాడిన న్యాయాధికారులూ ఉన్నారు. శిక్ష వేయవలసినవాడే రాత్రి ఇంటికెళ్ళి అదే గొట్టం కింద చలి కాచుకునే ఏర్పాటులో ఇంకో ఫలితం ఎలా వస్తుంది?

చార్లెస్ కింగ్స్‌లీ నవల ‘వాటర్ బేబీస్’ పుస్తకంగా వెలువడింది కూడా 1863లోనే కావడంతో, 1864 చట్టానికి ఆ నవలే ప్రేరణ అన్న మాట ప్రచారంలో ఉంది. విచారణ సంఘం నివేదిక చేతికందిన తరువాత షాఫ్ట్స్‌బరీ ప్రభువు ప్రతిపాదించిన బిల్లుకు నవల అవసరం ఎంతో చెప్పడం కష్టం. ప్రజాభిప్రాయాన్ని కొంత మెత్తబరిచిందనుకున్నా, పదహారేళ్ళలోపు పిల్లవాడిని పని జరిగే ఇంట్లోకే తీసుకురాకూడదన్న ఆ చట్టం కూడా ఆచరణలో విఫలమే అయింది. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ దగ్గరి ఫుల్బర్న్ మానసిక చికిత్సాలయపు గొట్టంలో ఇరుక్కుని జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండు పన్నెండేళ్ళ బాలుడు చనిపోయాడు. మేస్త్రి విలియం వైయర్‌కు ఆరు నెలల కఠిన శిక్ష పడింది. పని జరిగినది ప్రభుత్వ సంస్థలో అన్న సంగతీ, అలాంటి చికిత్సాలయాలను నడిపేవి సాధారణంగా కౌంటీ న్యాయాధికారుల కమిటీలే అన్న సంగతీ చరిత్రల్లో అంతగా ప్రస్తావనకు రావు. ఆ ఏడాది వచ్చిన చట్టం ప్రతి మేస్త్రీ ఏటా పోలీసుల దగ్గర ధ్రువపత్రం తీసుకోవాలన్నది. సాక్షి దొరకడం, న్యాయాధికారి మనసు కరగడం మీద ఆధారపడకుండా, తప్పు చేస్తే జీవనోపాధి పోతుందన్న భయం అప్పుడు మొదటిసారి ఏర్పడింది. కొద్ది ఏళ్ళలోనే ఆచారం అంతరించింది. అప్పటికి యంత్రం ధర దిగి, దానిని నేర్పుగా వాడేవారు పెరిగి ఉండటం కూడా తోడ్పడిందని ఒప్పుకోవాలి.

తరువాతి కాలాన్ని క్లుప్తంగా ముగించవచ్చు. పోలీసు ధ్రువపత్రం అవసరం తీరిందని భావించి పార్లమెంటు 1938లో ఆ చట్టాలను రద్దు చేసింది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచుకు సుమారు 4,000 మంది చనిపోయారన్నది నాటి అధికారిక అంచనా. దాని ఫలితమైన 1956 చట్టం పొగరహిత ప్రాంతాలను ఏర్పరచగా, ఆ పై గ్యాస్ వేడి ఇంటింటికీ చేరి గోడపొయ్యిలు మూతపడ్డాయి. జర్మనీలో మాత్రం తనకు కేటాయించిన ప్రాంతంలో మసి దులిపే పనిపై జిల్లా మేస్త్రికి ఉన్న గుత్తాధికారం 2012 చివరి దాకా సాగింది. ఇప్పుడు దులిపే పనికి యజమాని తనకు నచ్చినవారిని పిలవవచ్చు గాని, ఏడేళ్ళలో రెండుసార్లు పొయ్యిని పరీక్షించే అధికారం జిల్లా మేస్త్రిదే.

గృహయజమాని శ్రద్ధే నిర్ణాయకమన్న వాదానికి తెలుగు నేల నుంచి కూడా ఒక ఆధారం ఉంది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు రూపొందించిన పొగలేని మట్టిపొయ్యి, 1953లో ఆయన పుస్తకంతో ప్రచారం పొంది, గొట్టం ద్వారా పొగను బయటికి పంపే దేశీయ నమూనాలకు మార్గం చూపింది. 1983లో మొదలైన జాతీయ పథకం ఇలాంటి పొయ్యిలను లక్షల ఇళ్ళలో పెట్టించింది. పొయ్యి కట్టినవారు ఉన్నారు, గొట్టంలో పేరుకునే మసిని క్రమంగా తీసే వృత్తి మాత్రం ఊళ్ళో ఏర్పడలేదు. వంటింటి చాకిరీలో అది మరో పనిగా ఇల్లాలి మీదే పడింది. ఒడిశాలో జరిగిన విస్తృత అధ్యయనం ఒకటి, తొలి ఏడాది తగ్గిన పొగ ఆ తరువాత వాడకం, మరమ్మతు సడలడంతో మళ్ళీ మామూలైందని 2012లో చూపింది.

ప్రస్తుత బ్రిటన్, అమెరికాల్లో కట్టెల స్టవ్ సరదాగా తిరిగి వచ్చి వృత్తికి ప్రాణం పోసింది. ఇప్పటి శత్రువు బొగ్గు మసి కంటే క్రియోసోట్: పచ్చికట్టె మందంగా మండినప్పుడు పొగలోని తారు ఆవిర్లు చల్లని గొట్టం గోడలకు అంటి, మొదట పొడిగా, తరువాత పెళుసు పొరగా, చివరకు గాజులాంటి గట్టి పూతగా మారతాయి, ఆ చివరి దశకు మామూలు బ్రష్ సరిపోదు. మోటారుతో తిరిగే నైలాన్ తీగల బ్రష్, గొట్టంలోకి దించే కెమెరా, పక్షి గూళ్ళను ఆపే వలలు, కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఇవన్నీ నిజమైన మెరుగుదలలే. అమెరికాలో అగ్నిరక్షణ సంఘపు 211వ ప్రమాణం ఏటా పరీక్ష జరగాలంటుంది. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో పచ్చికట్టె అమ్మకం నిషిద్ధమైంది. వేస్తే మసి అదే రాలిపోతుందని అమ్మే రసాయన దుంగలు మాత్రం సందేహాస్పదమైన సౌకర్యం. పేరుకున్నదాన్ని కొంత వదులు చేయగలవేమో గాని, గూడు కట్టిన పక్షినీ పగిలిన ఇటుకనూ అవి చూడలేవు.

అన్నిటికంటే పెద్ద లోపం 1938 నుంచి పూడనే లేదు. బ్రిటన్‌లో బ్రష్ కొనుక్కున్నవారెవరైనా తనను తాను మసి మేస్త్రిగా ప్రకటించుకోవచ్చు. స్వచ్ఛంద సంఘాలు శిక్షణ ఇచ్చి, పని పూర్తయ్యాక ధ్రువపత్రం ఇస్తున్నాయి, వాటి సభ్యులు చాలామంది సమర్థులే; సభ్యత్వం తప్పనిసరి కానందున తక్కువ కూలి అడిగే సంఘేతరుడిని పిలిచే స్వేచ్ఛ యజమానికి మిగిలే ఉంది. బీమా సంస్థలు ఆ ధ్రువపత్రాన్ని అడిగే సందర్భాలు ఎక్కువగా ఇల్లు అంటుకున్న తరువాతే వస్తున్నాయి. జర్మన్ తరహా గుత్తాధికారాన్ని తెచ్చిపెట్టుకోవాలని ఎవరూ కోరనక్కరలేదు, దాని అధిక రుసుముల మీద అక్కడి ప్రజల ఫిర్యాదులు న్యాయమైనవే. కాని దులిపే పనిని విపణికి వదిలి, పరీక్షను ప్రజాధికారం కింద ఉంచిన వారి ప్రస్తుత ఏర్పాటులో, 1788లో ప్రభువుల సభ తోసిపుచ్చిన ఆలోచన కంటే బ్రిటన్‌కు భారమైనదేమీ కనిపించదు.