సిరిమాను, ఇరుసుమాను

మోటారుబండికి చట్రమెట్టిదో, విజయనగరమున పైడితల్లి అమ్మవారి రథమునకు ఇరుసుమాను అట్టిది. విజయదశమి తరువాతి మంగళవారమునాడు జనుల చూపులన్నియు మీది సిరిమానుపైననే నిలుచును. క్రింద బరువు మోయుదానిని తలచువారు తక్కువ.

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము ముగిసిన కొలది దినములకే పెద విజయరామరాజు తన గుడారమున హతుడైనాడు. ఆ వార్త విని సోదరి పైడితల్లి పెద్దచెరువున దేహము విడిచినదని ఐతిహ్యము. మొదటిది చరిత్ర, రెండవది జనుల నమ్మకము. రెంటిని కలిపి చెప్పుట మనకు అలవాటు.

ఏటేట రెండు చింతచెట్లు కావలెను. అవి ఎచ్చటనున్నవో అమ్మవారు పూజారికి కలలో తెలుపునందురు. కల చెట్టును చూపును గాని, దాని లోపలి తొఱ్ఱను చూపునా? ముదురు చింతకు అది సాధారణము, పైకి తెలియదు. చెక్కవలసిన వడ్రంగికి ఆ చింత తప్పదు. సుమారు 50, 60 అడుగుల మాను చివర పూజారి కూర్చుండును. పొడవు పెరిగినకొలది చివరి బరువు మొదలును పైకెత్తజూచును. కావున మొదలు లావుగను, కొన సన్నముగను ఉండవలెను. లాగినపుడు కలుగు ప్రతి కుదుపును ఇరుసుమాను భరింపవలెను. గుడికిని కోటకును నడుమ మూడు మార్లు తిరుగునంతసేపు ఒక మనిషి ప్రాణము ఆ కఱ్ఱలమీదనే యుండును.