ఇల్లంటే ఎవరు?

దీర్ఘవ్యాధుల చరిత్రను మందుల చరిత్రగా చదవటం మనకు అలవాటైపోయింది. రోగి పక్కన ఎవరున్నారు, ఎవరు ఉండలేకపోయారు అన్న సంగతులు మాత్రం ఆత్మకథల్లో వెతుక్కోవాలి. సాహిత్య పరిశోధకురాలిగా నేనూ అలాగే కమలా నెహ్రూ క్షయవ్యాధి దగ్గరికి వెళ్లాను.

1934 ఆగస్టులో ఆమె పరిస్థితి విషమిస్తే, వలస ప్రభుత్వం జవహర్‌లాల్‌ను జైలు నుంచి వదిలి, 11 రోజులకే మళ్లీ తీసుకుపోయింది. మిగిలిన శిక్షాకాలం రాజకీయాలకు దూరంగా ఉంటానని మాట ఇస్తే విడుదల చేస్తామన్న సూచన కూడా వచ్చింది. ఆ అక్టోబరులో ఆయన చూడటానికి వచ్చినప్పుడు, తీవ్రమైన జ్వరంలో ఉన్న కమల ఆయన్ను దగ్గరికి వంగమని, అలాంటి మాట ఇవ్వొద్దని చెవిలో చెప్పింది. తర్వాత ఆమె భొవాలి శానిటోరియంలో, ఆయన అల్మోరా జైల్లో. 1936 ఫిబ్రవరి 28న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఆమె చనిపోయింది.

దీన్ని పతివ్రత త్యాగంగా కీర్తించటం సులువు. నాకు మాత్రం తన జబ్బును ఎర వేసి భర్తను లొంగదీయటానికి ఒప్పుకోని రాజకీయ వ్యక్తి కనిపిస్తుంది. అయితే ఆ గుసగుస కూడా భర్త ఆత్మకథ ద్వారానే మనకు చేరింది. ఆయన పక్కన లేకపోవటం చరిత్రకెక్కింది. ఏళ్ల తరబడి భర్తల పక్కనే ఉండి సేవ చేసిన భార్యల మాట?

కమల కాలానికి క్షయను నయం చేసే మందుల్లేవు. ఇంటికి దూరంగా విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి - అదే వైద్యం. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి చోటే. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాక ఒక ప్రశ్న లేచింది: మందులుంటే శానిటోరియం అవసరమా?

జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ మొదలైన క్షయ పరిశోధనా కేంద్రం 193 మంది రోగుల్లో కొందరికి ఇంట్లో, కొందరికి శానిటోరియంలో ఏడాదిపాటు ఒకే మందులిచ్చింది. కఫంలో క్రిములు లేకుండా పోయినవాళ్లు శానిటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. ఇరుకు గదుల్లో, తక్కువ తిండితో, తక్కువ విశ్రాంతితో సాధించిన ఫలితమది. పేద దేశాలకు ఇది గొప్ప వరం, సందేహం లేదు.

కానీ 'ఇల్లు చాలు' అన్నప్పుడు ఆ ఇల్లంటే ఎవరు? కడుపులో తిప్పే మందును రోజూ మింగించేది, కఫం గిన్నె కడిగేది, మాట బయటికి పొక్కితే ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని దిగులుపడుతూనే ఇంటి గుట్టు కాపాడేది ఎవరు? రోగం కఫపరీక్షలో, ఎక్స్‌రేలో తేలుతుంది. ఈ చాకిరీ ఏ పరీక్షలో తేలుతుంది?

భర్తకు జబ్బు చేస్తే ఇంట్లో భార్య ఉంటుంది. భార్యకు జబ్బు చేస్తే చాలాసార్లు ఆమెను పుట్టింటికి పంపుతారు. అంటే ఆమెకు 'ఇల్లు' మళ్లీ ఒక తల్లో, అక్కో.

క్షయ రోగుల పోషకాహారానికి ప్రభుత్వం 2018లో నెలకు 500 రూపాయలు మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. అవసరమైన సాయమే. కానీ వండేదీ, అందరికీ వడ్డించేదీ, ఆఖర్న తినేదీ ఆ రోగే అయినప్పుడు, ఆ గుడ్డు ఎవరి కంచంలోకి వెళుతుందో కూడా ఎవరైనా రాసిపెట్టాలి.