గాహన్ రాయని రెండో సంపుటం

"హిమాలయాల్లో కొత్త పురుగు" అని పేపర్లో అప్పుడప్పుడు నాలుగు లైన్ల వార్త పడుతుంటుంది. మనం దాన్ని దాటేసి స్పోర్ట్స్ పేజీకి వెళ్ళిపోతాం. దాటకుండా చదివినా 'కొత్త' అన్న మాట దగ్గర ఒక తిరకాసు ఉంది. పురుగుల శాస్త్రం వాళ్ళ లెక్కలో కొత్త రెండు రకాలు. ఒకటి, ప్రపంచంలో ఎవరూ ఇంతవరకూ పేరు పెట్టనిది. అది కొత్త జాతి. రెండోది, పేరు ఎప్పుడో పెట్టేశారు, బర్మాలోనో చైనాలోనో ఉందని తెలుసు, కానీ ఈ కొండల జాబితాలో ఇప్పటిదాకా ఎక్కలేదు. అది కొత్త రికార్డు. పేపరు వాళ్ళు రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. మొదటిదానికున్న గ్లామరు రెండోదానికి లేదు గానీ, నన్నడిగితే అసలు కథంతా రెండోదాంట్లోనే ఉంది.

మన భాషలో చెప్పుకుందాం. ఏ టేబుల్లోనైనా ప్రతి రోకీ ఒక క్రియేటెడ్ డేట్ ఉంటుంది కదా. ఆ రోని ఎప్పుడు ఎంటర్ చేశారో అది చెప్తుంది. అసలు సంగతి ఎప్పుడు జరిగిందో చెప్పదు, దానికి వేరే కాలమ్ కావాలి. జీవుల జాబితాల్లో ఆ రెండో కాలమ్ దాదాపు ఎప్పుడూ ఖాళీయే. ఫలానా పురుగు ఈ కొండల్లో మొదటిసారి ఫలానా సంవత్సరంలో రికార్డయింది అంటే, ఒక మనిషి దాన్ని పట్టుకుని పోల్చుకున్న సంవత్సరం అది. పురుగు అక్కడ లక్షేళ్ళుగా ఉండి ఉండొచ్చు, పోయినేడాది ఏ లారీలోనో దిగి ఉండొచ్చు కూడా. ఓటర్ల లిస్టులో పేరు ఈ ఏడాది ఎక్కిందంటే ఆ మనిషి ఈ ఏడే పుట్టాడని కాదు కదా!

ఈ తిరకాసు పొడుగు మీసాల పెంకుపురుగుల దగ్గర మరీ ఎక్కువ. సెరాంబిసిడే అనే కుటుంబం ఇది. మీసాలు చాలావాటికి ఒంటి పొడుగుని మించి ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద ముప్పై ఐదు వేలకి పైగా జాతులు. మన రైతులకి మీసాల కంటే అవి చేసే పని బాగా తెలుసు. మామిడి చెట్టు కాండం తొలిచేది ఈ కుటుంబంలోదే. పలాస వైపు జీడిమామిడి తోటల్లో మొదలు దగ్గర రంపప్పొట్టు రాలుస్తూ చెట్టుని ఎండబెట్టేసేదీ ఇందులోదే. పిల్లపురుగు చెక్క లోపల నెలల తరబడి, కొన్నిట్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. రెక్కలొచ్చి బయట తిరిగేది కొద్ది వారాలు, అదీ చాలావాటి విషయంలో రాత్రిపూట. కొండెక్కి వెతికినంత మాత్రాన కనపడవు. కనపడలేదు కాబట్టి లేదు అనడానికి అస్సలు వీల్లేదు.

హిమాలయాల పొడుగు మీసాల పురుగుల జాబితా ఎలా మొదలైందో చూడండి. కంపెనీ సైన్యంలో హార్డ్‌విక్ అనే మేజర్ జనరల్ ఉండేవాడు. ఫిరంగుల మనిషే గానీ జంతువులూ పురుగులూ పోగు చెయ్యడం పిచ్చి. ఆయన దగ్గర పోగైన నేపాల్ పురుగులకి ఇంగ్లండులో హోప్ అనే మతాచార్యుడు 1831లో వరసగా పేర్లు పెట్టేశాడు. ఎక్కడివి అంటే 'నేపాల్'. ఏ లోయ, ఎంత ఎత్తు, ఏ చెట్టు.. అవేవీ లేవు. తర్వాత హ్యూగెల్ అనే ఆస్ట్రియా ప్రభువు 1835లో కాశ్మీరు తిరిగి, దొరికినవన్నీ వియన్నా పట్టుకెళ్ళాడు. వాటిల్లో ముదురు గోధుమ రంగు పెద్ద పురుగొకటి ఉంది. దానికి 1848లో రెడ్‌టెన్‌బాకర్ అనే ఆయన ఆ ప్రభువు పేరే తగిలించాడు. ఇప్పుడు దాన్ని డోరిస్తెనెస్ హ్యూగెలీ అంటారు.

ఆ పురుగుని ఇక్కడ కాసేపు గుర్తు పెట్టుకోండి. హిమాచల్ ఆపిల్ రైతులకి అది వేరు తొలిచే పురుగు. పిల్లపురుగు మట్టిలో ఏళ్ళ తరబడి ఉండి వేళ్ళు తింటుంది. ఆకులు పచ్చబడి చెట్టు నీరసించేదాకా పైన ఏమీ తెలియదు. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఇది ఆపిల్ మొక్కలతో పాటు బయటినుంచి వచ్చిందా, అక్కడిదేనా? కుల్లూలో కెప్టెన్ లీ ఆపిల్ తోట వేసింది 1870 ప్రాంతంలో. సత్యానంద్ స్టోక్స్ కోట్‌గఢ్‌లో అమెరికా రకం మొక్కలు నాటింది 1916లో. పురుగు పేరు రికార్డయిందేమో 1848లో. అంటే పురుగే అక్కడి పాతకాపు, ఆపిలే వలస వచ్చింది. ఓ ప్రభువుగారి షికారులో పోగైన పురుగు మీద వియన్నాలో రాసిన నాలుగు వాక్యాలు ఇప్పుడు ఈ తగువు తీరుస్తున్నాయి. ఆ రో లేకపోతే ఈ పాటికి ఎవరో ఒకరు విదేశీ మొక్కలతో వచ్చిన తెగులని తేల్చేసి ఉండేవాళ్ళు.

సరే, గాహన్ దగ్గరికి వద్దాం. చార్లెస్ జోసెఫ్ గాహన్ ఐర్లండ్ వాడు, లండన్ మ్యూజియంలో పెంకుపురుగుల శాఖలో పనిచేశాడు. బ్రిటిష్ ఇండియా జీవుల మీద వరసగా వచ్చిన పుస్తకాల్లో 1906లో ఆయన రాసిన సంపుటం ఒకటి వచ్చింది. ఇండియా, సిలోన్, బర్మాల పొడుగు మీసాల పురుగులు, మూడొందల పై చిలుకు పేజీలు. దాని అసలు గొప్ప జాతుల వర్ణనలో లేదు. ఈ పురుగు అదా ఇదా అని మెట్టు మెట్టుగా తేల్చుకునే పట్టికలు ఉన్నాయి అందులో. మీసం మొదటి కణుపు ఇలా ఉంటే రెండో లైనుకి వెళ్ళు, లేకపోతే ఐదో లైనుకి వెళ్ళు. మనం రాసే ఇఫ్-ఎల్స్ లాగే, కాకపోతే భూతద్దం పట్టుకుని నడిపించాలి. హోప్ లాంటి వాళ్ళు పేర్లు పెట్టి వదిలేశారు. ఆ పురుగుని అడివిలో చూసినవాడు పేరు తెలుసుకునే దారి మాత్రం గాహన్ వేశాడు.

ఆయనకి మంచి సరుకు కూడా అందింది. జెనోవా మ్యూజియం తరఫున లియొనార్డో ఫేయా అనే ఇటలీవాడు 1885 నుంచి నాలుగేళ్ళు బర్మాలో తిరిగాడు. ఆయన పోగుచేసిన పొడుగు మీసాల పురుగుల జాబితా 1894లో గాహనే రాశాడు. ఫేయా చీటీలు చూస్తే ముచ్చటేస్తుంది. పిన్నుకి గుచ్చిన పురుగు కింద గోరంత కాగితం, దాని మీద 'కరెన్ చెబా, 900–1100 మీటర్లు, 1888, మే నుంచి డిసెంబరు' అని. కొండ, ఎత్తు, నెలలు అన్నీ ఉన్నాయి. 'నేపాల్' అని ఒక్క మాట రాసి ఊరుకున్న చీటీకీ దీనికీ నడిచింది అర్ధ శతాబ్దమే, తేడా మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

ఇంతా చేసి గాహన్ పుస్తకం సగమే. పొడుగు మీసాల పురుగుల్లో లేమియినే అని ఒక వర్గం ఉంది. ప్రపంచంలోని జాతుల్లో సగానికి పైగా అందులోవే. 1906 సంపుటంలో అది లేదు. ఆ సీరీస్‌లో తర్వాత కూడా రాలేదు. అదేదో మారుమూల వర్గం అనుకునేరు.. మన మామిడి కాండం తొలిచే బటోసెరా లేమియినేనే. మేఘాలయ, అరుణాచల్ కొండల్లో కమలా చెట్ల మాను తొలిచేసే అనోప్లోఫొరా వెర్‌స్టీగీ కూడా లేమియినేనే. దేశంలో చెట్లకి పెద్ద శత్రువుల్లో కొన్ని, అచ్చు కాని సంపుటంలో ఉండిపోయాయన్నమాట.

ఖాళీని పూడ్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. గాహన్ పుస్తకం వచ్చిన 1906లోనే డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ మొదలైంది. అక్కడ బీసన్, ఆయనతో భాటియా, పురుగు పట్టిన చెక్కల్ని బట్టి ఏ పురుగు ఏ చెట్టులో బతుకుతుందో రాసుకుంటూ పోయారు. 1939లో వచ్చిన వాళ్ళ పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. అడివివాళ్ళ పని కాబట్టి చెట్టు పేరు లేకుండా పురుగు పేరు ఉండదు.

ఇంకో పక్క స్టెఫాన్ బ్రాయ్‌నింగ్. ఆస్ట్రియాలో 1894లో పుట్టి, పారిస్‌లో కూర్చుని, జీవితమంతా ఈ లేమియినే మీదే పెట్టాడు. ఆయన ఒక్కడే పెట్టిన పేర్లు ఏడు వేలు దాటాయంటే కొండవీటి చాంతాడు కూడా చిన్నబోతుంది. అయితే చాలాచోట్ల వర్ణన పొట్టిది, బొమ్మ ఉండదు. గుర్తుపట్టాలంటే ఆయన చూసిన ఆ ఒక్క పురుగునీ యూరప్ మ్యూజియంలో వెతికి పట్టుకోవాలి. డాక్యుమెంటేషన్ లేని కోడ్ ఏడు వేల ఫంక్షన్లు రాసి ప్రాజెక్ట్ వదిలి వెళ్ళిన సీనియర్‌ని ఊహించుకోండి. పని జరగలేదని అనలేం, వాడుకోనూ లేం. అరుణాచల్ కొండల్లో ఒక విద్యార్థికి ఒక లేమియినే దొరికితే 'ఇది కొత్తదా, బ్రాయ్‌నింగ్ ఎప్పుడో పేరు పెట్టేసిందా' అని తేల్చుకోవడానికే ఏళ్ళు పట్టొచ్చు.

లేకపోతే ఏమైంది, ఎవరికి నష్టం అంటారా? దీనికి జవాబు హిమాలయాల్లో దొరకదు. న్యూయార్క్‌లో దొరుకుతుంది.

1996 ఆగస్టులో బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్ వీధుల్లో మేపుల్ చెట్లకి, డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి పొడిచినట్టు గుండ్రటి కన్నాలు కనపడ్డాయి. నల్లటి ఒళ్ళు, తెల్లచుక్కలు, చారల మీసాలు ఉన్న పురుగు. కార్నెల్ యూనివర్సిటీలో దాన్ని చూసి ఇది అమెరికాది కాదని తేల్చారు. చైనాకి చెందిన అనోప్లోఫొరా గ్లాబ్రిపెన్నిస్. మన కమలాల పురుగుకి దాయాది, అదే లేమియినే. అమెరికా జాబితా గట్టిగా ఉండబట్టి 'ఇది మనది కాదు' అనే మాట ధైర్యంగా అనగలిగారు. ఆ మాట మీదే చెట్లు కొట్టడానికి చట్టం కదిలింది, డబ్బు కదిలింది. 1998లో చికాగోలో, 2002లో జెర్సీ సిటీలో (మనవాళ్ళు సగంమంది అద్దెకుండే ఊరే!) బయటపడింది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడినప్పుడు ముప్పై వేలకి పైగా చెట్లు పోయాయి. చికాగోలోనూ న్యూజెర్సీలోనూ చివరికి దాన్ని పూర్తిగా తుడిచిపెట్టగలిగారు.

వూస్టర్‌లో ఇంకో సంగతి. పురుగు రికార్డయింది 2008లో. చెట్టు మానులో పాత గాయాల మీద ఎన్ని వలయాలు పెరిగాయో లెక్కపెడితే, అది వచ్చి అప్పటికే దాదాపు పదేళ్ళయిందని తేలింది. చూశారా, ఇందాక చెప్పిన ఆ ఖాళీ కాలమ్‌ని చెక్కే నింపింది. మనం సర్వర్‌లో లాగ్ చూసినట్టు వాళ్ళు చెట్టు లాగ్ చూశారు!

అది వచ్చింది సరుకుల కింద వేసే చెక్క పాలెట్లలో, పెట్టెల్లో. అందుకే 2002లో అంతర్జాతీయ నియమం ఒకటి వచ్చింది. దేశం దాటే ప్యాకింగ్ చెక్కని లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలి, లేదా పొగ పెట్టాలి. బయటి దేశం నుంచి సర్వర్ ర్యాకో ఏసీ మెషీనో దిగితే, కింది పాలెట్ పక్కకి వంగి చూడండి. గోధుమ కంకి బొమ్మ, దేశం కోడ్, హెచ్.టి. అన్న అక్షరాలు కాల్చి వేసి ఉంటాయి. ఆ ముద్ర వెనకున్న దోషుల్లో ఈ పురుగే ముఖ్యమైంది.

మన దేశానికీ ఇలాంటి కాపలా ఉంది, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు. క్వారంటైన్ అనే మాటకి అర్థమే ఇక్కడ లేనిదాన్ని, లేదా ఉన్నా బాగా వ్యాపించనిదాన్ని, ఆపడం. ఇక్కడ లేదు అని చెప్పాలంటే ఇక్కడ ఏమేం ఉన్నాయో తెలియాలి. రేపు తవాంగ్‌లోనో కోహిమాలోనో ఒక లేమియినే మొదటిసారి రికార్డయిందనుకోండి. పూర్వం నుంచీ ఉన్నదైతే దాని జోలికి పోనక్కర్లేదు, పైగా కాపాడాల్సింది కూడా కావచ్చు. పోయినేడు దిగినదైతే తక్షణం చెట్లు కొట్టి తగలబెట్టాలి. రెండిటికీ చెయ్యాల్సిన పని ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. రెండూ జాబితాలోకి ఎక్కే మాట మాత్రం ఒక్కటే, కొత్త రికార్డు.

ఇండియా పొడుగు మీసాల పురుగుల పూర్తి జాబితా, లేమియినేతో కలిపి, 2017లో వచ్చింది. పదిహేను వందల పైచిలుకు జాతులు. గాహన్ సంపుటానికీ దీనికీ నూట పదకొండేళ్ళు. ఇది పేర్ల జాబితా మాత్రమే. మెట్టు మెట్టుగా నడిపించి గుర్తుపట్టించే గాహన్ తరహా పట్టికలు లేమియినే మొత్తానికి ఇంకా లేవు. పారిస్ నుంచి టైటాన్ అనే డేటాబేస్ ప్రపంచంలోని పొడుగు మీసాల పురుగులన్నిటి పేర్లూ చాలావాటికి ఫోటోలతో సహా నెట్‌లో పెట్టింది. అందులో పురుగుల పని తవకిలియన్‌ది, సాఫ్ట్‌వేర్ షెవియోట్‌ది. బ్రాయ్‌నింగ్ చూసిన పురుగు కోసం విమానం ఎక్కాల్సిన అవసరం కొంత తగ్గింది.

ఈమధ్య ఈశాన్య కొండల నుంచీ పశ్చిమ కనుమల నుంచీ కొత్త రికార్డుల పేపర్లు తరచుగానే వస్తున్నాయి. నాకు ఒకటి కనపడితే పురుగు ఫోటో తర్వాత చూస్తాను. ముందు చూసేది దొరికిన చోటు గురించి రాసిన లైను. ఎత్తు, తేదీ, జీపీఎస్ అంకెలు దాదాపు అన్నిట్లో ఉంటున్నాయి. ఏ చెట్టులోంచి వచ్చిందన్నది చాలాసార్లు ఉండదు, రాత్రి దీపానికి వచ్చి వాలింది అని ఉంటుంది. అలాంటప్పుడు వలయాలు లెక్కపెట్టుకోవడానికి చెట్టు కూడా మిగలదు.