స్కిజోఫ్రెనియా - వంశపారంపర్యం

స్కిజోఫ్రెనియా వంశంలో వస్తుందా అన్నది పెళ్లి సంబంధాల వేళ గుట్టుగా అడిగే ప్రశ్న. బాపట్ల జిల్లా అడవులదీవిలో అడిగినా, రేపల్లెలో అడిగినా మాట ఒకటే: “వాళ్లింట్లో ఎవరికైనా మతి చెడిందా?” అడగడంలో తప్పు లేదు. “అవును” అనగానే సంబంధం వదులుకోవడానికి మాత్రం శాస్త్రంలో ఆధారం తక్కువ. బిడ్డకు సంక్రమించేది జబ్బుకు లోనయ్యే అవకాశం మాత్రమే.

ఈ పేరును స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో పెట్టాడు. 1916లో మ్యూనిక్‌లో మనోవైద్యుడు ఎర్నస్ట్ రూడిన్ రోగుల తోబుట్టువులను లెక్కగట్టి చూస్తే, బఠాణీ మొక్కల్లో మెండెల్ చూపిన నిష్పత్తి కుదరలేదు. తన లెక్క అంత సూటిగా లేదని తెలిసిన ఆ మనిషే 1933 నాటి నాజీ చట్టానికి అండగా నిలిచాడు. దానికింద సుమారు 4 లక్షల మందికి బలవంతంగా సంతానం లేకుండా చేశారు. జన్యువుల మాటెత్తితే కొందరు నేటికీ ఉలిక్కిపడేది అందుకే. తర్వాత వచ్చిన కవలల అధ్యయనాల్లో, ఒకే పిండం చీలి పుట్టిన ఇద్దరిలో ఒకరికి జబ్బుంటే రెండోవారికి దాదాపు సగం సందర్భాల్లోనే వచ్చింది. అంతా జన్యువుల చేతిలోనే ఉంటే నూటికి నూరూ రావాలి. ఒకే ఇంట్లో పెరిగారు కాబట్టి ఆ సగమైనా పెంపకం వల్లనే అనవచ్చు. ఆ వాదనకు 1966లో మనోవైద్యుడు లియొనార్డ్ హెస్టన్ జవాబిచ్చాడు. రోగులైన తల్లులకు పుట్టి, పుట్టగానే వేరైపోయి పెరిగిన 47 మందిలో ఐదుగురికి జబ్బు వచ్చింది. పోల్చి చూసిన 50 మందిలో ఒక్కరికీ రాలేదు.

2022లో 76,755 మంది రోగుల జన్యువులు పరిశీలించిన అంతర్జాతీయ బృందం 287 చోట్ల తేడాలు గుర్తించింది. ఒక్కో తేడా పెంచే ప్రమాదం పిసరంత. 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించినప్పుడు ప్రమాదం బాగా పెరుగుతుంది గానీ అది అరుదు. ఇక్కడే మనకో చిక్కుంది: ఆ నమూనాల్లో అత్యధికం ఐరోపా సంతతివే. వివిధ జనాభాల జన్యు వైవిధ్యాన్ని నమోదు చేసిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో తెలుగువారు 102 మంది ఉన్నారు, వారూ బ్రిటన్‌లో స్థిరపడినవారు. వేరేవాళ్ల మీద కట్టిన ప్రమాద లెక్క మనకు సరిగ్గా నప్పదు.

మరి మేనరికాల మాటేమిటి? తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందితే బయటపడే జబ్బుల ప్రమాదాన్ని మేనరికాలు పెంచుతాయి. అలాంటి లోపం వల్లనే ఆర్యవైశ్యుల్లో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే, కండరాలను సడలించే ఒక మందు ప్రభావం ఎంతకీ దిగదు. ఒక్క ఎంజైము లోపించడమే కారణం. వందల చోట్ల తేడాలు కలిసి పనిచేసే స్కిజోఫ్రెనియాను ఆ గాటన కట్టలేం. ఇక మొదటి ప్రశ్నకు వస్తే, ఐరోపా అధ్యయనాలను కలిపి పరిశోధకుడు గోట్స్‌మన్ 1991లో వేసిన అంచనా ప్రకారం, తోబుట్టువుకు ఈ జబ్బున్న 100 మందిలో అది వచ్చేది 9 మందికి. తక్కిన 91 మందికి రాదు.