మసక గాజు నుంచి నీలి పలక దాకా

పూత లేని నున్నటి సిలికాన్ తన మీద పడిన వెలుగులో సుమారు మూడో వంతును వెనక్కి పంపేస్తుంది. అలా పోయిన వెలుగు కరెంటుగా మారదు. ఆ నష్టాన్ని తగ్గించడానికి సోలార్ సెల్ ముఖానికి పట్టించే పల్చటి పొరే పరావర్తన నిరోధక పూత. విశాఖ చుట్టుపక్కల ఇలాంటి సెల్స్‌కు కొదవ లేదు. ఓడరేవుకు 10 మెగావాట్ల సౌర ప్లాంటు ఉంది. ముడసర్లోవ జలాశయం మీద 2018 నుంచి 2 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి జలాశయంలో 2021 ఆగస్టులో మొదలైన 25 మెగావాట్ల ప్లాంటుకు 75 ఎకరాల నీటి మీద లక్షకు పైగా పలకలు పట్టాయి.

పూత చరిత్ర మాత్రం సౌరవిద్యుత్తు కంటే పాతది. దాని మూలం పాడైన గాజు. పాతబడి మసకబారిన గాజు కొత్త గాజు కంటే తక్కువ వెలుగును వెనక్కి పంపుతోందని 1886లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ గమనించాడు. కొన్నేళ్లకు యార్క్‌లో టెలిస్కోపు కటకాలు చేసే డెన్నిస్ టేలర్‌కూ అదే ఎదురైంది. పైకి చెడిపోయినట్టున్న కటకాల్లోంచే వెలుగు ఎక్కువ వస్తోంది. ఆమ్లాలతో గాజును కావాలని మసకబార్చే పద్ధతికి ఆయన 1904లో పేటెంటు పొందాడు గానీ, ఫలితం గాజుగాజుకూ మారిపోయేది. నిలకడైన దారి 1935లో దొరికింది. జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మకూలా గాలి తీసేసిన పాత్రలో పదార్థాన్ని ఆవిరి చేసి కటకం మీద పొరగా దింపాడు. మరుసటి ఏడాది అమెరికాలో జాన్ స్ట్రాంగ్ అదే పని చేసి ప్రకటించాడు. తెలుగునాట కటకాల పరిశ్రమ మచిలీపట్నంలో ఉంది. 1926లో అక్కడ పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, సైన్యానికి దృశ్య పరికరాలు చేసే కర్మాగారమైంది.

పొర పనిచేసే తీరు ఇది. వెలుగు పొర పైభాగం నుంచి కొంత, అడుగు నుంచి కొంత వెనక్కి వస్తుంది. పొర మందం, పొర లోపల వెలుగుకుండే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు సరిపోతే ఆ రెండు తరంగాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వానాకాలం రోడ్డు మీద నూనె తెట్టుకు రంగులు పుట్టించేది కూడా ఈ వ్యతికరణమే. పొర వక్రీభవన గుణకం కిందా పైనా ఉన్న పదార్థాల గుణకాలకు మధ్యలో ఉండాలి. నేటి సెల్స్‌కు పూసే సిలికాన్ నైట్రైడ్‌కు అది 2 దగ్గర ఉంటుంది. 75 నానోమీటర్ల మందాన పోస్తే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వెలుగులు దాదాపు పూర్తిగా లోపలికి పోతాయి. తప్పించుకునేది కాస్త నీలం. పలకల నీలి రంగుకు అదే కారణం.

1954లో బెల్ ప్రయోగశాల చూపిన తొలి సిలికాన్ సెల్ సామర్థ్యం 6 శాతం. ఉపగ్రహాల సెల్స్‌కు మొదట సిలికాన్ మోనాక్సైడ్ పూసేవారు. అది నీలి కాంతిని తనే మింగేసేది. 1972లో కామ్‌శాట్ సంస్థలో జోసెఫ్ లిండ్‌మేయర్ బృందం దాని బదులు టాంటలం ఆక్సైడ్ వాడి ‘ఊదా సెల్’ చేసింది. రెండేళ్లకు అక్కడే సిలికాన్ ముఖాన్ని సూక్ష్మమైన పిరమిడ్లుగా చెక్కారు. ఒకచోట తప్పిన వెలుగు పక్క పిరమిడ్‌కు తగిలి మళ్లీ లోపలికి పోవడంతో సెల్ నల్లబడింది. నేల మీది సెల్స్‌కు చాలాకాలం చవకైన టైటానియం ఆక్సైడే దిక్కు. 1980లలో రంగంలోకి వచ్చిన సిలికాన్ నైట్రైడ్ దాన్ని పక్కకు నెట్టింది. దాని అసలు బలం పరావర్తనం తగ్గించడం ఒక్కటే కాదు. పొర పోసేటప్పుడు అందులో చేరే హైడ్రోజన్ సిలికాన్‌లోని లోపాలను పూడ్చి, పుట్టిన కరెంటు దారిలో వృథా కాకుండా కాపాడుతుంది. ఒకే పొరకు రెండు పనులు. ఈ రంగంలో ఇంతకంటే లాభసాటి ఎంపిక మరొకటి లేదనవచ్చు. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల ఈ-సిటీలో ప్రీమియర్ ఎనర్జీస్ 2021లో ప్రారంభించిన సెల్ కర్మాగారం తయారు చేసేదీ సిలికాన్ సెల్సే.

సెల్ మీది ఈ పూత పలక ముఖానుండే గాజు కింద భద్రంగా ఉంటుంది. ఇబ్బంది ఆ గాజు మీద వేసే రెండో పూతకు. మామూలు గాజు దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. సూక్ష్మ రంధ్రాలున్న సిలికా పొర అందులో సగానికి పైగా ఆపుతుంది. అంటే లాభం రెండు మూడు శాతమే, అదీ గాజు శుభ్రంగా ఉంటేనే. విశాఖ దగ్గరి తీర గ్రామం యారాడ పరిసరాల్లో ఆ శుభ్రత సులువు కాదు. ఊరికి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. యారాడ కొండకు ఉత్తరాన విశాఖ ఓడరేవు, దక్షిణాన గంగవరం రేవు. రెండు చోట్లా బొగ్గు, ఇనుప ఖనిజం రవాణా అవుతాయి. ఉప్పు గాలిలోని తేమ రాత్రి మంచుగా పలకల మీద దిగి, దుమ్మును గాజుకు అతికిస్తుంది. అతుక్కున్న దుమ్మును గరుకు బ్రష్షుతో రుద్దితే పూతే అరుగుతుంది, కఠినమైన బోరు నీటితో కడిగితే తెల్లటి మరకలు మిగులుతాయి. ఉప్పు తుప్పును తట్టుకుంటాయో లేదో చూడటానికి తీరప్రాంతపు పలకలను ఉప్పు పొగమంచులో ఉంచి పరీక్షిస్తారు. నీరు నిలవకుండా జారిపోతూ దుమ్మును తనతో తీసుకుపోయే పూతల మీద హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ పనిచేసింది. పలకలను సులువుగా శుభ్రం చేసుకునే పూతను రూపొందించింది.