సాహుకారు హుండీ నుండి స్విఫ్ట్ అనుమతి వరకు

పాన్‌గల్ దుర్గం ఏడు ప్రాకారాలతో, నడుమ బాలాహిస్సారుతో, ఇప్పటి వనపర్తి జిల్లాలో కొండపై నిలిచి ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలోను, ఆ తరువాత ఆసఫ్‌జాహీల కాలంలోను ఈ కోటకు ప్రాముఖ్యం ఉండేది. నిజాం అలీఖాన్ 1786 నుండి 1789 వరకు ఇక్కడ నివసించాడు. రాజధాని హైదరాబాదు, పాలకుడు ఉన్నది పాన్‌గల్‌లో. ఇటువంటి పరిస్థితిలో, వచ్చిన ఆజ్ఞ పాలకునిదేనని దూరాన ఉన్న ఉద్యోగి ఎట్లా గుర్తించాలి? ఆనాటి సమాధానం ముద్ర, దస్తఖతు, తెచ్చినవాని పరిచయం. ఇదే ప్రశ్న నేడు ఒక బ్యాంకు మరొక బ్యాంకుకు పంపే సందేశం విషయంలోనూ వస్తుంది. సాధనాలు మారాయి గాని ప్రశ్న మారలేదు.

షరాబు, సాహుకారు

పొరుగున ఉన్న గద్వాల సంస్థానం ఒకప్పుడు సొంత నాణెం ముద్రించుకొన్నది. అది రాయచూరు ప్రాంతంలో కూడా చెల్లేది. ఒక్కొక్క నాణానికి ఒక్కొక్క మారకం ఉన్నచోట షరాబు లేనిదే వ్యాపారం సాగదు. ఈ షరాబు అనే మాట అరబ్బీ ‘సర్రాఫ్’ నుండి తెలుగులోకి వచ్చినదే. ‘హవాలు చేయు’ అని వాడుకలో అనే మాటకు మూలం ‘హవాలా’. మాటలు ప్రయాణించిన త్రోవలోనే పద్ధతులూ ప్రయాణించాయి.

హిజ్రీ 4వ శతాబ్దిలో సంచరించిన భూగోళవేత్త ఇబ్న్ హౌకల్, సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న ఔదగుస్త్ పట్టణంలో 42,000 దీనార్ల ఋణపత్రాన్ని చూచినట్లు వ్రాశాడు. దాని బాకీదారు ఎడారికి ఉత్తరాన, సిజిల్మాసాకు చెందిన వర్తకుడు. బంగారాన్ని ఒంటెలపై మోయకుండా కాగితాన్ని మోయడం ఆ కాలానికే అలవాటైనదన్నమాట. దూరదేశంలో చెల్లించవలసిన పత్రానికి ‘సుఫ్తజా’ అని పేరు. మన దేశంలో ఆ పనినే హుండీ చేసింది.

హుండీ ఒంటరిగా ప్రయాణించేది కాదు. హుండీ వ్రాసిన సాహుకారు, చెల్లించవలసిన సాహుకారుకు వేరుగా సమాచారపు లేఖ పంపేవాడు. హుండీ పోయినట్లయితే ‘పేఠ్’ అనే ప్రతిని ఇచ్చేవారు. ‘శాహ్‌జోగ్’ హుండీ సొమ్మును బజారులో పరువు గల శాహుకే చెల్లించేవారు. చెల్లించేవాడు పత్రాన్ని చూచి మాత్రమే సొమ్ము ఇవ్వలేదు; పంపినవానితో ముందే ఉన్న సంబంధాన్ని చూచి ఇచ్చాడు.

ఫిఖ్ గ్రంథాలు ఈ సంగతిని సూక్ష్మంగా పట్టుకొన్నాయి. హవాలా విషయంలో హనఫీ న్యాయవేత్తలు, ఋణభారం ఎవనిపైకి మార్చబడుతున్నదో అతని సమ్మతి కూడా కావాలన్నారు. వకాలత్ విషయంలో మరొక నియమం చెప్పారు: వకీలును తొలగించిన వార్త అతనికి చేరేవరకు అతని చర్యలు యజమానిని కట్టివేస్తాయి. అధికారం ఇవ్వడం ఎంత ముఖ్యమో, దాని రద్దును సకాలంలో తెలియజేయడం కూడా అంతే ముఖ్యమని దీని భావం.

1948 నాటి ఒక ఆదేశం

ఈ నియమం విలువ ఎంతటిదో హైదరాబాదు చరిత్రే చాటింది. 1948 సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ రోజులలోనే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వం పేర ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమీషనరు హబీబ్ ఇబ్రహీం రహీంతులా ఖాతాలోకి మారాయి. ఆదేశం ఇచ్చినది నిజాం ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్. సెప్టెంబరు 27న నిజాం ఆ బదిలీని త్రిప్పివేయవలసిందిగా కోరాడు. కాని సొమ్ము అప్పటికే మరొకరి పేర చేరినందున, ఆ ఖాతాదారు అంగీకారం లేనిదే తిరిగి ఇవ్వజాలమని బ్యాంకు నిలిచిపోయింది. వ్యాజ్యం 1957లో బ్రిటన్ ప్రభువుల సభ వరకు వెళ్లి, సార్వభౌమ రాజ్య రక్షణ కారణంగా ఆగింది. చివరకు 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము ఏడవ నిజాముకు చెందినదని, ఆయన హక్కుదారులకు రావలసినదని తీర్పు చెప్పింది. అప్పటికి అది సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లకు పెరిగింది. ఆదేశం అమలు కావడానికి పట్టినది కొద్ది రోజులు. దాని వెనుక ఉన్న అధికారం ఎవరిదో తేలడానికి 71 సంవత్సరాలు పట్టింది.

రహస్య సంఖ్య నుండి అనుమతి పట్టిక వరకు

టెలెక్స్ కాలంలో బ్యాంకులు సంతకాల నమూనా పుస్తకాలను పరస్పరం ఇచ్చిపుచ్చుకొనేవి. ప్రతి సందేశానికి తేదీ, మొత్తం, నాణెం ఆధారంగా రహస్య పట్టిక నుండి లెక్కకట్టిన ఒక పరీక్ష సంఖ్యను చేర్చేవారు. 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియంలో స్విఫ్ట్ సంస్థను స్థాపించాయి. 1977లో దాని సందేశాలు మొదలయ్యాయి. భారతదేశం 1991లో అందులో చేరింది. తొలుత ప్రతి రెండు బ్యాంకులు తమలో తాము రహస్య తాళాలను మార్చుకొనేవి. 2000ల దశాబ్ది చివరలో వాటి స్థానంలో ఆర్.ఎం.ఎ. అనే సంబంధాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ వచ్చింది.

దీని పనితీరు సులభంగానే అర్థమవుతుంది. అనుమతి ఇచ్చేది సందేశాన్ని అందుకొనే బ్యాంకు. ఫలానా బ్యాంకు నాకు సందేశం పంపవచ్చునని అది ముందుగా తెలుపుతుంది. ఏ రకపు సందేశాలు, ఏ తేదీ వరకు అని పరిమితులు కూడా విధించవచ్చును. అనుమతి లేనిచోట సందేశం పంపేవాని యంత్రం దగ్గరే ఆగిపోతుంది. ఇది ఏకపక్షమైనది, ఇరువైపులా రాకపోకలకు రెండు అనుమతులు కావాలి. ఇచ్చిన బ్యాంకు దానిని ఎప్పుడైనా రద్దు చేయవచ్చును. హనఫీ న్యాయవేత్తలు కోరిన ‘చెల్లించేవాని సమ్మతి’ ఇక్కడ యంత్రపు పట్టికగా మారినదని పాఠకులు గమనించవచ్చు.

దేశంలోని బ్యాంకుల మధ్య సందేశాలకు హైదరాబాదే పుట్టినిల్లు. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ స్థాపించిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ 2001లో ఎస్.ఎఫ్.ఎం.ఎస్. అనే సందేశ వ్యవస్థను రూపొందించింది. 2005లో ఆరంభమైన నెఫ్ట్ బదిలీలు దాని మీదనే నడిచాయి.

రెండు ప్రమాదాలు

ఒక పెద్ద బ్యాంకు వద్ద ఇటువంటి అనుమతులు వేల సంఖ్యలో ఉంటాయి. వ్యాపారం ముగిసినా అనుమతి మిగిలిపోతుంది. అందుకే వోల్ఫ్స్‌బర్గ్ బృందం 2016లో, ఖాతా సంబంధం లేని అనుమతులను కూడా విచారించి సమీక్షించవలెనని సూచించింది. అయితే అనుమతి సరిగా ఉన్నంత మాత్రాన చాలదు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు యంత్రాలలో చొరబడి, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు దాదాపు 95 కోట్ల డాలర్లకు ఆదేశాలు పంపారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు వెళ్లిపోయాయి. తలుపు అసలైనదే, తాళమూ అసలైనదే. త్రిప్పిన చేయి మాత్రం వేరు.

రెండవ ప్రమాదం దీనికి ఎదురుది. భయంతో సంబంధాలన్నీ తెంచివేస్తే నష్టపోయేది పేదవారు. 2013లో బార్క్లేస్ బ్యాంకు సోమాలియాకు సొమ్ము చేరవేసే సంస్థల ఖాతాలు మూసివేయ నిర్ణయించినప్పుడు, వలసవెళ్లినవారి కుటుంబాల తిండి ప్రశ్నార్థకమైనది. తరతరాలుగా వలసకు పేరుపడిన పాలమూరు ప్రజలకు ఈ బాధ ఎటువంటిదో వివరించనక్కరలేదు. దూరం నుండి కొడుకు పంపిన సొమ్ము ఇంటికి చేరాలంటే నడుమ ఉన్న బ్యాంకులు ఒకదానినొకటి గుర్తించాలి.

పూర్వపు సాహుకారు తన హుండీలను స్వీకరించే వారెవరో, ఎవరి పరువు తగ్గినదో నిత్యం ఎరిగి ఉండేవాడు. ఆ ఎరుకను ఇప్పుడు పట్టికలో పెట్టారు. పట్టిక జ్ఞాపకం ఉంచుకొంటుంది గాని విచారించదు. ఎవరిని నమ్మాలో, ఆ నమ్మకం ఎప్పటితో ముగిసిందో విచారించే బాధ్యత నేటికీ మనుష్యులదే.